వెళ్లి వచ్చినాక

తిరువళ్లూరు స్టేషన్ రెండో ప్లాట్‌ఫామ్ మీద, టీ గ్లాసు చేతిలో ఉండగానే ఏజెంట్ మురుగేశ్ కుప్పకూలిపోయాడు. గుండెపోటని జనం అనుకున్నారు. టీలో ఏం కలిసిందో చీఫ్ రఘుకు తెలుసు. మురుగేశ్ ఫోన్‌లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో. రాత్రి ఆకాశం. దాని నిండా చారలు.

మర్నాడు మధ్యాహ్నం, బజారులో సెల్‌ఫోన్ రిపేరు షాపు వెనక గదిలో బ్రీఫింగ్. చీఫ్ ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ దేవసేన. వయసు ఇరవై నాలుగు. సొంతూరు తిరుత్తణి పక్కన కే.జీ.కండిగై. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన భక్తురాలి వేషం, చేతిలో పాలచెంబు. ఉత్తుత్తి గుండు టోపీ ఒకటి ఇప్పించమని అడిగితే "బడ్జెట్ లేదమ్మా" అన్నాడు చీఫ్. అందుకని గుండు నిజంది. మొక్కు ఒక్కటే అబద్ధం.

"బ్యాండింగ్ అంటే తెలుసా?"

"తెలుసు సార్. ఆకాశంలో రంగు మెల్లగా మారుతుంది. ఫోన్‌కు అంత నిదానం చేతకాదు, మెట్లు మెట్లుగా కోసేస్తుంది. అవే చారలు."

"మరి ఇవి?"

దేవసేన ఫోటోను పెద్దది చేసింది. "ఇవి దొంగ చారలు సార్. ఊరి వెలుగు వల్ల వచ్చేవి ఆ వెలుగు చుట్టూ వంగుతాయి. ఎల్ఈడీ లైటు వల్ల వచ్చేవి ఒకే ఎడంతో ఉంటాయి. ఇక్కడ ఒకటి లావు, ఒకటి సన్నం..."

"మోర్స్ కోడ్. డీకోడ్ అయింది. అక్షరాలు ఇంగ్లీషు, మాటలు తెలుగు." చీఫ్ కాగితం ముందుకు తోశాడు. ఇంగ్లీషు అక్షరాల కింద ఆయనే తెలుగులో రాసుకున్నాడు: వెళ్లి వచ్చినాక ముగించు.

ఎవరిని ముగించాలో అడగక్కర్లేదు. తిరుత్తణిలో ఉండే ఇంజనీర్ జయరామన్ పదేళ్లు ఒంటరిగా కూర్చుని ఆ చారలను తుడిచేసే సాఫ్ట్‌వేర్ రాశాడు. వచ్చే వారం అది కోట్ల ఫోన్లలో చేరుతుంది. ఆ రోజుతో విదేశీ ముఠా చారల్లో దాచి పంపే ఉత్తరాలన్నీ చెరిగిపోతాయి.

"రేపు ఆయన చెన్నై వెళ్తున్నాడు. రాత్రి తొమ్మిది బండికి తిరిగొస్తాడు. వెళ్లి వచ్చాక, అంటే స్టేషన్‌లోనే. టీమంతా అక్కడ ఉంటుంది. ఇవాళ్టికి ఆయన ఇంట్లో కాపలాకు మధుమిత ఉంది, చాలు. ఆమెకు నోటితో చెప్పిరా, ఫోన్‌లో వద్దు."

మధుమిత పేరు వింటే దేవసేనకు ధైర్యం. లోకానికి ఆమె ఆకాశం ఫోటోలు తీసే అందగత్తె, నాలుగు లక్షల ఫాలోయర్లు. ఆఫీసుకు ఆమె ముఠాలోకి పంపిన డబుల్ ఏజెంట్. ఊరు కండిగై దగ్గరే, ఆర్.కె.పేట. కండిగై బడిలో వెనక బెంచీ మీద నోరు విప్పకుండా కూర్చునే పిల్లను ఏరి తెచ్చింది ఆమే. ట్రైనింగులో దేవసేన "యాడికి?" అన్నప్పుడల్లా పగలబడి నవ్వినవాళ్లను కసిరిందీ ఆమే.

సాయంత్రం లోకల్ ట్రైన్ తిరుత్తణి దగ్గర పడుతోంది. పక్కన ముసలమ్మ ఫోన్‌లో అరుస్తోంది. "ఇప్పుడు యాడ మాట్లాడేది? గుడికి పొయ్యొచ్చినాక చేస్తా. పెట్టేయ్ రా!"

పొయ్యొచ్చినాక.

దేవసేన చీఫ్ కాగితం మీది మాటను గుర్తుచేసుకుంది. ఈ పక్కవాళ్లు "వచ్చినాక" అంటారు. కానీ "వెళ్లి" అనరు. పోయి అంటారు. ఇక్కడి నోట్లో వెళ్లి అంటే అరవ మాట. అరవంలో శుక్రవారాన్ని వెళ్లి అంటారు. శుక్రవారం కాదు, ఆ రోజుకు జయరామన్ ఢిల్లీలో ఉంటాడు. మరి? అవ్వ పడమటి దిక్కున మొదటి చుక్కను చూపించి అనేది: "వెళ్లి వచ్చినాది, గొడ్లను కట్టేయ్ పాపా."

వెళ్లి వచ్చినాక. శుక్రుడు పొడిచినాక. రేపు కాదు, ఇంకో అరగంటలో.

చీఫ్‌కు ఫోన్ చేసింది. "డిక్షనరీ చూశానమ్మా," అన్నాడాయన. "వెళ్లి అంటే వెళ్లే." జయరామన్ ఫోన్ ఎత్తలేదు. అప్పుడు రెండో సంగతి తట్టింది. ఆ మాట అలా రాయగలిగేది ఈ మట్టి మనిషే. ఆఫీసులో ఈ మట్టి మనుషులు ఇద్దరే. రెండో మనిషి తనే.

ఆటో దిగి మేడ మెట్లు ఎక్కేసరికి పడమటి చుక్క వెలుగుతోంది. మిద్దె మీద, ఫోన్ బిగించిన స్టాండు ముందు జయరామన్ బొమ్మలా నిలబడి ఉన్నాడు. మధుమిత లెక్కపెడుతోంది.

"నైట్ మోడ్ సార్, కదలొద్దు. ఊపిరి కూడా వద్దు. ఐదు... నాలుగు..."

ఎదురు లాడ్జి మిద్దె మీద ఏదో తళుక్కుమంది. అరిచినా ఆయన కదలడు, పదేళ్ల పనికి ఆ ఫోటోయే పరీక్ష. దేవసేన పరుగెత్తి స్టాండును తన్నింది.

"అయ్యో నా ఫోను!" జయరామన్ దాని మీదికి వంగాడు. ఆయన తల ఉన్న చోటు నుంచి దూసుకుపోయిన తూటా వెనక నీళ్ల ట్యాంకుకు కన్నం పెట్టింది.

మధుమిత చెయ్యి హ్యాండ్‌బ్యాగు దాకా పోయి ఆగింది. పాలచెంబులోంచి తీసిన పిస్తోలు అప్పటికే ఆమెకు గురిపెట్టి ఉంది.

"గుండు బాగుండాది పాపా నీకు," అంది మధుమిత నవ్వుతూ.

"మనం పోయి అంటాం కదక్కా."

"నువ్వు మరిచిపోయి ఉంటావనుకున్నా. అంత నవ్వినారు కదా నిన్ను."

"నువ్వే కదక్కా మరవొద్దన్నావు."

మధుమిత నవ్వు ఆగిపోయింది. ట్యాంకు నీళ్లు ఇద్దరి కాళ్లనూ తడుపుతూ పోయాయి. లాడ్జి మీద మనిషి బస్టాండులో దొరికాడు.

వారం తిరిగింది. సాఫ్ట్‌వేర్ విడుదల కాలేదు. ముఠా దారి మన చేతికొచ్చింది కాబట్టి దాన్ని మనమే వాడుకుందాం అన్నాడు చీఫ్. చారలుంటేనే పని. దేశ భద్రత పేరిట జయరామన్ చేత సంతకం పెట్టించి, కంప్యూటర్‌తో సహా అంతా తీసుకుపోయారు.

"నువ్వు కాపాడింది ఏందమ్మా?" అన్నాడు జయరామన్ దేవసేనతో.

మధుమిత జైలుకు పోలేదు. దొంగ చారలు గీయడం తెలిసింది ఆమె ఒక్కతికే. ఆఫీసు మూడో అంతస్తులో ఏసీ గది ఇచ్చారు. మురుగేశ్ చావు కాగితాల మీద గుండెపోటుగానే ఉండిపోయింది. మిషన్ రిపోర్టులో "చీఫ్ సకాలంలో చేసిన డీకోడింగ్ వల్ల" అని రాశారు.

దేవసేననూ మరిచిపోలేదు. నాలుగు నెలలకు ఆఫీసు నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అప్పటికి జుట్టు చెవుల దాకా పెరిగింది.

గుండు టోపీ మంజూరైంది.