నాలుగడుగుల చుట్టు

ఆ సాయంత్రం పళ్ల డాక్టరమ్మ క్లినిక్ ముందు రిబ్బన్ కత్తిరించారు. ఇక ఆ వీధిలోకి ఏ బండీ రాదు. రెండు చివరలా ఇనుప స్తంభాలు పాతారు, బెంచీలు వేశారు. నిన్నటిదాకా హారన్లతో చెవులు చిల్లులు పడిన చోట ఇప్పుడు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. కత్తెర డాక్టరమ్మ చేతికే ఇచ్చారు. బండ్లు వద్దని పెట్టిన అర్జీలో మొదటి సంతకం ఆవిడదే మరి.

రిబ్బన్ మొదటిసారికి తెగలేదు. పొద్దస్తమానం జనం చిగుళ్లలో సూదులు గుచ్చే చేతికి రిబ్బనొక లెక్కా అని అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

ఆ అర్జీకి కారణం వాచీల తాత. వీధి మొదట్లో చిన్న గదిలో వాచీలు బాగుచేసేవాడు. రోజూ ఆరింటికి చేతికర్ర ఊతంగా ఫుట్‌పాత్ మీద ఇంటికి వెళ్లేవాడు. దారికి అడ్డంగా, ఫుట్‌పాత్ ఎక్కించి, డాక్టరమ్మ కారుండేది. క్లినిక్ పక్క సందులో చోటు లేక కాదు, అక్కడ పెడితే వెనక్కి తీయడం తలనొప్పని. తాత కర్రతో డిక్కీ మీద రెండుసార్లు తట్టేవాడు. టక్... టక్.

"కాస్త పక్కకి పెట్టకూడదా తల్లీ? మోకాళ్లు మాట వినట్లేదు."

రెండేళ్లు అలా ఓపిగ్గా అడిగాడు, ఆవిడ విసుక్కుంటూ కారు జరిపేది. ఒకరోజు ఆవిడకి ఒళ్లు మండింది. "పెయింటు పోతుంది తాతగారూ! రోడ్డు మీదికి దిగి నాలుగడుగులు చుట్టు తిరిగి వెళ్తే మీ సొమ్మేం పోతుంది?"

తాత తట్టడం మానేశాడు. దిగి వెళ్లడం మొదలుపెట్టాడు. మూడో రోజు ఒక వ్యాను గుద్ది, ఆగకుండా పోయింది.

చప్పుడుకి డాక్టరమ్మే అందరికంటే ముందు బయటికొచ్చింది. తాత రోడ్డు మీద పడి ఉన్నాడు. చెయ్యి ఇంకా కదులుతోంది. చదువుకున్న డాక్టరు, ముందు ఏం చేయాలో తెలియని మనిషి కాదు. కానీ ఆవిడ ముందు కారెక్కింది. గబగబా సందులోకి తోలి, తాళం వేసి, అప్పుడొచ్చి తాత పక్కన కూర్చుంది. అప్పటికి చెయ్యి కదలడం లేదు. రోజూ ఇక్కడ కారుంటుంది కదా అని ఎవరో అడిగితే, ఇవాళ సందులో పెట్టానంది. ఫుట్‌పాత్ ఖాళీగా ఉండగా ముసలాయన రోడ్డెందుకు దిగాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడా అర్థం కానట్టే తలూపింది. ఆ తలూపుడు గుర్తొస్తే ఇప్పటికీ అద్దంలో మొహం చూసుకోలేకపోతోంది. ఆ సిగ్గుతోనే అర్జీ మీద సంతకం చేసింది.

రిబ్బన్ హడావిడి అయ్యాక జనం పలచబడ్డారు. మసక చీకటి. దీపాలింకా వెలగలేదు. క్లినిక్ లోపల లవంగనూనె వాసన. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది.

సంచీ పట్టుకుని ఒకావిడ ఫుట్‌పాత్ మీద వస్తోంది. క్లినిక్ ముందుకి రాగానే రోడ్డు మీదికి దిగింది. నాలుగడుగులు వేసి మళ్లీ ఎక్కింది. ఆ వెనకే కబుర్లాడుకుంటూ ఇద్దరు. వాళ్లూ దిగారు... ఎక్కారు. మాట కూడా ఆగలేదు.

అక్కడ ఏమీ లేదు. ఆవిడ కారు మూడు వీధుల అవతల పార్కింగులో ఉంది. తాళం ఆవిడ చేతిలోనే ఉంది.

తర్వాత తాత కూతురొచ్చింది. ఆమె కూడా దిగి, చుట్టు తిరిగి, ఎక్కి, గుమ్మంలో నిలబడింది.

"నాన్న ఉంటే మీకు దండం పెట్టేవాడు డాక్టరుగారూ." గొంతు తగ్గించింది. "ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పండి, ఏమీ అనుకోను. నిద్ర పట్టక అడుగుతున్నా. ఆ రోజు... అక్కడ కారుందా?"

చెప్పాలనే నోరు తెరిచింది డాక్టరమ్మ. "లేదమ్మా. ఖాళీగానే ఉంది."

కూతురు వెనక్కి తిరిగి ఫుట్‌పాత్ వైపు చాలాసేపు చూసింది.

"అవును, ఖాళీగానే ఉంది," అంది నెమ్మదిగా. "మరి నేనెందుకు దిగాను?"

సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయింది. డాక్టరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. పిలిచి చెప్పేద్దామని తలుపైనా వేయకుండా బయటికొచ్చింది. వీధిలో ఎవరూ లేరు. ఫుట్‌పాత్ మీదే గబగబా నడిచింది... ఏదైతే అదవుతుందని తిన్నగా నడిచింది.

మోకాలికి ఇనుము తగిలింది.

చెయ్యి చాపింది. కంటికి ఏమీ లేదు. అరచేతికి మాత్రం వెచ్చగా, నున్నగా... అప్పుడే ఆపిన కారు బానెట్ లాగా. పెట్రోలు వాసన.

వెనక్కి తిరగబోయింది.

టక్... టక్.

వెనకనుంచే. దగ్గరగా.

"తాతగారూ..." అంది. "చెప్తాను... రేపు చెప్తాను..."

టక్... టక్. ఇంకా దగ్గరగా.

ముందుకి దారి లేదు. వెనక్కి తిరిగే ధైర్యం లేదు. ఆవిడ రోడ్డు మీదికి దిగింది. ఒకటి... రెండు...

వీధికి రెండు చివరలా ఇనుప స్తంభాలున్నాయి. ఏ బండీ లోపలికి వచ్చే వీల్లేదు.

మూడో అడుగు వేస్తుంటే, సరిగ్గా వీపు వెనక, వ్యాను హారన్ మోగింది.