తల్లి పటం మీద నల్ల మరక

1954 మార్చి. ఆదోని. పొద్దున తొమ్మిదింటికి చిత్రప్రదర్శన హాలు తలుపు తీశారు. తీయగానే డ్రాయింగ్ మాస్టరు వెంకటేశ్వర్లు లబోదిబోమన్నాడు.

పటం పాడైంది! ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇంటి పెరట్లో ఒక తల్లి పసివాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తున్న పటం. పసివాడి బుగ్గ మీద నల్లటి మరక. అరికాలిలో ఇంకొకటి.

ఇన్‌స్పెక్టర్ ఎల్లప్ప వచ్చేసరికే కానిస్టేబుళ్ళు ఒక సస్పెక్టును పట్టేశారు. సినిమా బోర్డులు రాసే లక్ష్మన్న. మన పోలీసులకు ఆ చురుకుదనం ఎప్పుడూ ఉంది మరి!

"నిన్న సాయంత్రం ఈడికి వచ్చినావా?" ఎల్లప్ప అడిగాడు.

"వచ్చినా సార్."

"మాస్టరు మీద కోపమా?"

"కోపమే. నా బొమ్మ పెట్టనీలేదు. అంతమాత్రాన పసిబిడ్డ మొగానికి మసి పూస్తానా అప్పా?"

ఎల్లప్ప మరకను వేలితో తాకి వాసన చూశాడు. పెయింట్ కాదు. ఆముదం వాసన.

"మాస్టారూ, పటం పాడుచేసేవాడు అరికాలు వెతుక్కుంటాడా? ఇది కాటుక. దిష్టి చుక్క. పెట్టింది ఈ పటంలోని తల్లే. నిన్న మూసేవేళ వచ్చి ఉంటుంది. జనం పటాన్ని చూశారే గాని, పక్కన నిలబడ్డ మనిషిని చూడలేదు. ఎవరామె?"

మాస్టరు ముఖం పాలిపోయింది.

"తాయమ్మ. బిడ్డకు చుక్క పెట్టి గీయమని అప్పుడే బతిమాలింది సార్. నీళ్ళు పోసుకునే బిడ్డకు చుక్కేమిటని నవ్వాను. మొన్న మళ్ళీ వచ్చింది. బిడ్డకు జ్వరమట, పటం చూసే ఇంతమంది దిష్టి తగిలిందట. పొమ్మన్నాను."

అంటూనే టర్పెంటైన్ గుడ్డతో రెండు చుక్కలూ తుడిచేశాడు. జనం వచ్చే వేళైందని ఆయన తొందర. ఎల్లప్ప వద్దనేలోపే అయిపోయింది.

లక్ష్మన్నను వదిలేశారు. ఎల్లప్ప జీపులో ఎమ్మిగనూరు బయల్దేరాడు. కేసు పెట్టడానికి కాదు. ఎలాగైనా ఆ బిడ్డను ఆస్పత్రిలో చేర్పించాలని.

వాకిట్లో జనం. లోపల మగ్గం ఆగి ఉంది. తాయమ్మ ఒళ్ళో బిడ్డ చల్లబడి ఉన్నాడు. ప్రాణం పోయి గంట కూడా కాలేదట.

పోలీసును చూసి ఆమె భయపడలేదు. భయపడటానికి ఇంకేం మిగిలింది, పాపం?

"నేనే పెట్టినా సామీ. ఆ సుక్క ఉందా, తుడిసినారా?"

అబద్ధమైనా ఆ తల్లికి కాస్త ఊరట అనుకున్నాడు ఎల్లప్ప.

"ఉందమ్మా. ఎవరూ తుడవలేదు."

తాయమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"సుక్క ఉంటే నా బిడ్డ ఎట్ల పోయినాడు సామీ?"