రెండు రాజులు పడిన ఆట

గాజుగోడ అవతల కిరీటి ఇడ్లీ డబ్బా ఎత్తి చూపించి కనుబొమలు ఎగరేశాడు. విశారదకు నవ్వొచ్చింది. పెళ్లయి పదకొండు రోజులు. ఇడ్లీ డబ్బా కూడా పండగలాగే ఉంది. కానీ గది తలుపు తెరుచుకోవడం లేదు.

2094లో చంద్రుడి మీద చదరంగం పోటీలన్నీ ఇలాంటి మూసిన గదుల్లోనే జరిగేవి. కుమ్మక్కు డ్రాలను ఆపడానికి డాక్టర్ వల్లభరావు ‘సమ్మతి మాపకం’ కనిపెట్టాడు. దాని న్యూరల్ సెన్సర్లు మనసులోని కోరికను చదువుతాయి. డ్రా నిజంగా కావాలనుకుంటేనే తలుపు తీస్తుంది. లేదా ఎవరో ఒకరు తమ రాజును పడగొట్టి ఓటమి ఒప్పుకోవాలి. అది వచ్చాక, ఆట ముందుకు సాగకపోతే దానంతటదే డ్రా చేసే యాభై ఎత్తుల నియమం లాంటి పాత నియమాలన్నీ పోయాయి.

బల్ల మీద బంట్లన్నీ ఎదురెదురుగా ఇరుక్కుపోయాయి. ఐదు గంటలుగా రాజులు అటూ ఇటూ నడుస్తున్నాయి.

“డ్రా, మాస్టారూ?”

“డ్రాయేనమ్మా,” అన్నాడు భుజంగరావు మాస్టారు ఎనిమిదోసారి.

“సమ్మతి లేదు,” అంది యంత్రం.

“మీకింకా గెలవాలనుంది!”

“నాకా? నడుం పట్టేసి చస్తున్నాను. నీకే ఉంది ఆశ!”

భూమికి వెళ్లే నౌకకు ఇరవై నిమిషాలుంది. మళ్లీ నౌక మూడు నెలలకు. సెలవు అయిపోయింది, కిరీటి ఆగలేడు. ఓడితే విశారదకు గ్రాండ్‌మాస్టర్ బిరుదు చేజారుతుంది. డ్రాతో వచ్చే అర పాయింటు చాలు.

తన యంత్రం పనితీరు చూసుకుంటూ మూలన కూర్చున్న వల్లభరావు వైపు ఆమె తిరిగింది. “ఇది ఎవరి మనసు చదువుతుంది సార్?”

“గదిలో ఉన్న ప్రతి మనసూ.”

ఇద్దరూ ఆయన్నే చూశారు.

“నేను... ఐదు గంటలు చూశాక ఎవరో ఒకరు గెలవాలి కదమ్మా!”

“ఆ కోరిక వదలండి సార్!”

ఆయన కళ్లు మూసుకున్నాడు. “సమ్మతి లేదు,” అంది యంత్రం.

విశారద గాజుగోడ వైపు చూసి తన రాజు మీద చేయి వేసింది. అది చూసి మాస్టారు తన రాజును ముందే మీటేశాడు. “వెళ్లు తల్లీ!” చంద్రుడి మీద ఏదీ గబుక్కున పడదు. అది ఇంకా ఒరుగుతుండగానే విశారద తన రాజును గట్టిగా తోసేసింది. రెండూ ఒక్కసారే బల్లను తాకాయి.

“గెలిచినవారు లేరు. చెరో అర పాయింటు,” అంది యంత్రం.

తలుపు తెరుచుకుంది. విశారద పరుగెత్తింది. మాస్టారు నడుం పట్టుకుని వెనకే నడిచాడు.

వల్లభరావు రాజులను లేపి మళ్లీ గళ్లలో నిలబెట్టాడు. ఎవరో ఒకరు గెలవాలి కదా అనుకుంటూ ఒక ఎత్తు వేసి, లేచి, అవతలి కుర్చీలోకి మారాడు. తలుపు తెరిచే ఉంది.