గోడ మీంచి రాలే నాలుగక్షరాలు

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ వెనక సందులోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. కుక్కలు కూడా సందు మొదట్లోనే ఆగి, ఒకసారి గాలి వాసన చూసి, తోక ముడిచి తిరిగొస్తాయట. కాలిపోయిన హాలుకి తాళం వేసి ఏడాది అవుతోంది. అయినా లోపల కుట్టుమిషన్ తిరుగుతున్న చప్పుడు విన్నామని ప్రమాణం చేసి చెప్పేవాళ్లున్నారు.

చప్పుడు సంగతి ఏమో గానీ... అక్షరాలు రాలడం మాత్రం అందరూ చూశారు.

ఆ హాలు వెనక ఇనుప తలుపు ఉంది. దాని పైన గోడ మీద రేకుతో కోసిన జానెడేసి అక్షరాలు — "భద్రత మన తీరు, గెలుపు మన పేరు". గోడ మీద నినాదం ఎంత పెద్దదైతే గోడ లోపల ప్రాణం అంత చవకని అర్థం. మంటల్లో పోయింది ఒక్క పిల్లే కాబట్టి జనం త్వరగానే మర్చిపోయారు. తలుపుకి గడియ లోపలి వైపే ఉందనీ, అది తీసి బయటికి రావాల్సింది పోయి ఆ పిల్ల పనివేళ నిద్రపోయిందనీ యాజమాన్యం చెప్పింది. చచ్చినవాళ్ల మీద నేరం మోపడం తేలిక. వాళ్లు ఎదురు మాట్లాడరు కదా.

ఆ పిల్ల అన్నే ఆ అక్షరాలు కోసి బిగించినవాడు. అక్షరాల మేస్త్రి అంటారు. చెల్లెలు పోయిన దగ్గర్నుంచి అతనికి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. "వీడికన్నా ఆ రేకులు నయం, కొడితే మోగనైనా మోగుతాయి" అనేది వాళ్లమ్మ.

అక్షరాలు రాలినప్పుడల్లా అతన్నే పిలిచేవాళ్లు. వచ్చి, బిగించి, వెళ్లిపోయేవాడు. ఈసారి మేనేజరు గట్టిగా కబురు పంపాడు. పొద్దున్నే విచారణ అధికారులు వస్తున్నారట, రాత్రికే గోడ సరిగ్గా కనిపించాలట. రేపటితో ఫైలు మూసేస్తారు, నీకూ మనశ్శాంతి అన్నాడట. మేస్త్రి సరేనన్నాడు. అన్నిటికీ సరేనంటున్నాడు ఈ మధ్య.

సందు మొదట్లో వాచ్‌మన్ తాత రాలిన అక్షరాలున్న గోనెసంచి అందించాడు.

"ఎప్పుడూ ఇవే నాలుగు, నాయనా..." అన్నాడు గొంతు తగ్గించి. "మిగతావి చెక్కు చెదరవు."

టీ కొట్టు దగ్గర జనం ఆ నాలుగింటినీ అటూ ఇటూ తిప్పి చూశారట. 'లుత' అని ఒకడు, 'పుతీ' అని ఇంకొకడు, ఇదేదో మంత్రమని మూడోవాడు. మంత్రమైతే నీ బాకీ మాఫీ చెయ్యమని చదవరా అని కొట్టువాడు వాడి నోరు మూయించాడట.

మేస్త్రి సంచి కుమ్మరించాడు. టార్చి వెలుతుర్లో, రాళ్ల మీద —

పు. తీ. త. లు.

అతనికి ఇప్పుడు అక్షరమంటే రెండు చిల్లుల రేకు, అంతే. చదవడం మానేశాడు. ఒకప్పుడు అలా కాదు. తుక్కు రేకు అక్షరాలు ఇంటికి తెచ్చేవాడు, చెల్లెలు వాటిని నేల మీద కలగలిపేది. అతను 'పలక' అని పేరిస్తే తను 'కలప' అని తిప్పేది. ఆటకి ఒకటే షరతు: అర్థం చెప్పకపోతే మాట చెల్లదు. అర్థం సరిపోతే వేలి కణుపుతో నేల మీద ఒక్కసారి కొట్టేది. టక్. చెల్లిందని.

మర బిగించడానికి 'త' చేతిలోకి తీసుకున్నాడు. ఎందుకో... మళ్లీ కింద పెట్టాడు. దాని పక్కకి 'లు' జరిపాడు. తర్వాత 'పు'.

మిగిలింది ఒక్కటే. దాన్ని జరపడానికి చాలాసేపు పట్టింది.

తలుపు తీ.

"తాతా... నువ్వేనా వీటిని పీకుతోంది?"

"నాకు అక్షరం ముక్క రాదు నాయనా. జీతానికి కూడా వేలిముద్రే."

"ఆ రోజు ఎక్కడున్నావు?"

తాత టార్చి నేలకి దించాడు. "ముందు గేటు దగ్గరే ఉండమన్నారు... ఉన్నాను."

మేస్త్రి లేచి తలుపు దగ్గరికి నడిచాడు. ఇన్నిసార్లు నిచ్చెన వేసి పైనున్న గోడ చూశాడు గానీ, తలుపుని ముట్టుకున్నది ఇదే మొదటిసారి. ఆకుపచ్చ రంగు నున్నగా ఉంది. అరచేత్తో నిమిరాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

స్క్రూడ్రైవర్ మొనతో గీకాడు. లప్పం పొడిపొడిగా రాలింది. లోపల మర దిగిన చిల్లు. దాని పక్కన ఇంకొకటి. కింద ఇంకో జత. ద్వారబంధాన్ని తడిమితే అక్కడా అంతే — గడియ దూరే కన్నం, లప్పం పెట్టి పూడ్చేసి, రంగు వేసి.

గడియ బయట ఉండేది.

అతను ఏడవలేదు. చిల్లులన్నీ శుభ్రంగా తవ్వి, పొడి ఊదేశాడు. అక్షరాల్ని గోడకి ఎక్కించలేదు. గడప మీద వరసగా, తలుపుకి ఆనించి నిలబెట్టాడు. రేపు వచ్చేవాళ్లు తలెత్తి చదవక్కర్లేదు. లోపలికి పోవాలంటే వాటిని దాటాల్సిందే.

తాత వెనకే నిలబడి ఉన్నాడు.

"ఏం రాసుంది నాయనా?" గుసగుసగా అడిగాడు.

"తలుపు తీ... అని."

"అంటే?"

మేస్త్రి 'తీ' రేకుని వేలితో సర్దాడు, చెల్లెలి మాటని ఏ గొంతుతో చెప్పాలో వెతుక్కుంటున్నట్టు.

"అంటే... నేను నిద్రపోలేదు, అని."

 

ఇనుప తలుపు అవతల, ఏడాదిగా మనిషి అడుగు పెట్టని ఆ హాల్లోంచి... ఒక్కసారి —

టక్.