కాకికి నాలుగు ఇడ్లీలు

"కాకికి ఇడ్లీలు పెట్టినావా? ఈ పొద్దా?"

పద్మప్రియ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. తెల్లవారకముందే తలస్నానం చేసి, తండ్రి తద్దినం వంటకు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి.

మిద్దె మీది గదిలో అద్దెకుండే కళ్యాణ్ బిక్కమొహం వేశాడు. "రోజూ ఒకటి పెడతాండా కదా, చలికాలమని. ఈ పొద్దు సంతోషం పట్టలేక నాలుగు పెట్టినా."

"నాలుగా!"

వాళ్ల పరిచయం పోయిన చలికాలం ఆ మిద్దె మీదే మొదలైంది. తమ అంగడిలో మిగిలిన నూకలు, కొర్రలు ఆమె పిట్టగోడ మీద పోసేది. రాజంపేట ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే కళ్యాణ్, నైట్ డ్యూటీ దిగి వచ్చి నిద్రకళ్లతో పిట్టలను చూస్తూ కూర్చునేవాడు. ముందు పిచ్చుకలు, తర్వాత గోరింకల గొడవ, అవన్నీ పోయాక వంకరకాలి కాకి.

"ఆ కాకి నీ మాదిరే. అందరూ తిన్నాకే వస్తాది," అన్నాడొకరోజు.

తండ్రి పోయాక ఆమె మొదటిసారి నవ్వింది అప్పుడే.

కళ్యాణ్‌నే చేసుకుంటానని నిన్న ధైర్యం చేసి అమ్మకు చెప్పింది. రాజ్యలక్ష్మమ్మ అరవలేదు. "అంగడుండే ఇంటికే నిన్నియ్యాలని మీ నాయన కోరిక. రేపు కాకి ఆయన ముద్ద ముట్టిందంటే ఒప్పుకున్నట్లే. ముట్టకుంటే ఆ మాట మళ్లా ఎత్తొద్దు," అంది.

పద్మప్రియ కళ్యాణ్‌కు పెట్టిన మెసేజ్ ఒక్క ముక్కే: 'అమ్మ అరవలేదు.' మిగతాది టైప్ చేసే ఓపిక లేకపోయింది.

కాకి షరతు సంగతి అతనికి ఇప్పుడే చెప్పింది.

విస్తరిలో అన్నం, గారెలు, పాయసం పిట్టగోడ మీద పెట్టారు. కాకి వచ్చింది, చూసింది, నీళ్లట్యాంకు మీద కూర్చుని ముక్కు రుద్దుకుంది. పన్నెండయింది. ఒంటిగంటయింది. అది ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు.

"వదినా, అన్న ఒప్పుకున్నట్లే అనుకోరాదా? కడుపు కాలుతాండాది," అన్నాడు తద్దినం పెట్టిన చిన్నాయన నాగరాజ్.

"ఒప్పుకోల్యా ఆయన," రాజ్యలక్ష్మమ్మ కళ్లొత్తుకుంది.

కళ్యాణ్ దగ్గరికొచ్చాడు. "అమ్మా, తప్పు నాది. పొద్దున దానికి నాలుగు ఇడ్లీలు పెట్టినా. ఎండ దిగినాక మళ్లా వస్తాది, రోజూ చూస్తాండా."

"అంటే అది కాకి ఆకలేగానీ, మా ఆయన మాట కాదంటావా?"

"నాకు తెలీదమ్మా. ఆకలి లేకుండా పిలిస్తే ఎవరొస్తారు, ఆయనైనా?"

రాజ్యలక్ష్మమ్మ గోడకు చేరగిలబడింది. అతనూ పస్తుతోనే మెట్ల మీద కూర్చున్నాడు.

రెండున్నరకు విస్తరి మీద నీడ పడింది. వంకరకాలి కాకి వాలి, అటూ ఇటూ చూసి, గారె కరుచుకుంది.

రాజ్యలక్ష్మమ్మ చేతులు జోడించింది. "ఆయనొచ్చినాడో, ఆకలొచ్చిందో. ఆ నరసింహస్వామికే తెలియాల."

తద్దినం భోజనం బయటివాళ్లకు పెట్టరు. కళ్యాణ్ లేచి తన గది వైపు నడిచాడు.

"యాడికి పోతాండావప్పా?" అంది రాజ్యలక్ష్మమ్మ. తర్వాత కూతురి వైపు తిరిగింది. "పద్మా, నాలుగాకులూ ఒకేసారి వెయ్యి. నువ్వూ కూర్చో."