తల్లి పేరు చెప్పండి

సోమవారం ఉదయం పదింటికి సురబాయా నగరంలోని ఒక సందులో, వలుయో ఇంటి ముందు పార్సిల్ బండి ఆగింది. దిగినవాడు హెల్మెట్ తీయలేదు.

"ఒక్కసారి సరిచూసుకోవాలండీ. మీ అమ్మగారి పేరు సుమియాతి కదా?"

"అవును," అంటూ వలుయో సంతకం పెట్టడానికి గడప దాటాడు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు రెండుసార్లు దగ్గింది. వంటింట్లో పనసకాయ తరుగుతున్న భార్య, ఏదో పళ్లెం పడిందనుకుంది.

మనుషులను పడవల్లో తరలించి అమ్మే విదేశీ ముఠా మీద వలుయో ముఖ్య సాక్షి. ప్రభుత్వం అతనికి కొత్త పేరు, కొత్త ఇల్లు ఇచ్చి దాచింది. ఆ ఇల్లు ముగ్గురు అధికారులకే తెలుసు.

"ముగ్గురికీ, ఒక మందుల షాపుకీ," అంది గూఢచారి శాఖ అధికారిణి హార్తినీ, గురువారం మధ్యాహ్నం బ్రీఫింగ్‌లో. "దగ్గు మందు మీద తగ్గింపు ఇస్తామన్నారు. కార్డు ఫారంలో కొత్త పేరే రాశాడు. కానీ పుట్టినతేదీ, తల్లి పేరు అసలువి. ఆ తగ్గింపుకి ఆశపడి ప్రాణం పోగొట్టుకున్నాడు."

"తప్పు అతనిది కాదు, మేడమ్," అన్నాడు ఏజెంట్ దమర్. గొంతు పెంచలేదు గానీ చేతిలోని పెన్సిల్ విరిగింది. "దగ్గు మందు అమ్మేవాడికి కొనేవాడి తల్లి పేరెందుకు?"

హార్తినీ తెర మీద ఒక భవనం చూపించింది. పదిహేడో అంతస్తులో లక్కీ డ్రా కంపెనీ. అది ముఠా ముసుగు. షాపుల ఫారాలు, పార్కింగ్ చీటీలు, స్కూటర్ గెలవండంటూ నింపించిన కూపన్లు, అన్నీ అక్కడికి చేరతాయి. ఒకదానితో ఒకటి పోల్చి, దాక్కున్నవాళ్ల జాడ తీస్తారు.

"ఇంకా నలభై ఒక్కమంది సాక్షుల చిరునామాలు దొరికాయి వాళ్లకి. సాయంత్రం నాలుగింటికి లిస్టు దేశం దాటుతుంది. లోపల మన మనిషి వేన్యా ఉంది. కోడ్ గుర్తుందిగా?"

"ఏ రంగు అయిపోయింది?"

"నీలం కాదు, పసుపు. వెళ్లిరా."

మూడున్నరకి, ప్రింటర్ మెకానిక్ వేషంలో టూల్ బాక్సు పట్టుకుని దమర్ ఆ భవనంలో అడుగుపెట్టాడు. కాపలాదారు గుర్తింపు కార్డు అడిగాడు. దమర్ దొంగ కార్డు ఇచ్చాడు. అతను దాన్ని సొంత ఫోనుతో ఫోటో తీశాడు.

"ఫోటో ఎందుకన్నా?"

"రూలు."

"ఎవరు పెట్టిన రూలు?"

"ఏమో తమ్ముడూ. మూడేళ్లుగా తీస్తున్నా. ఎవరూ అడగలేదు."

దమర్ కార్డును వేయడానికి అతను సొరుగు తెరిచాడు. లోపల వందల కార్డులు. అన్నిటికంటే పైన, శాఖ ఫైల్లో చూసిన వేన్యా ముఖం.

"ఈ అమ్మాయి ఇక్కడే పనిచేస్తుందిగా?"

"పాస్ మర్చిపోయి వచ్చింది. రూలంటే రూలే."

కార్డు మీద పేరు వేన్యా కాదు, సువర్ని. పుట్టినతేదీ కూడా శాఖ ఫైల్లో ఉన్నది కాదు. సొరుగు మూసేలోపు దమర్ రెండూ చదివేశాడు. మనవాళ్లకి అబద్ధం చెప్పిన మనిషి ఎవరికి నిజం చెబుతోందో, లిఫ్టు ఎక్కేలోగా అర్థమైంది.

వేన్యా ఎర్ర పట్టు గౌనులో సినిమా తారలా తలుపు తీసింది. గదిలో ఇంకెవరూ లేరు.

"ఏ రంగు అయిపోయింది?" అన్నాడు దమర్.

"నీలం కాదు, పసుపు," అంటూ చేతిసంచిలోంచి పిస్తోలు తీసింది. "దమర్ గారూ, కూతురు లింతంగ్ బాగుందా? అయిదో తరగతి కదూ. పాపం, వేరుశనగ పడదు దానికి."

దమర్ ఒళ్లంతా భగ్గుమంది. "ఎవరు చెప్పారు?"

"మీరే. టీవీ కొన్నప్పుడు వారంటీ కార్డు నింపారు. పుట్టినరోజు కేకులో వేరుశనగ వేయొద్దని మీ ఆవిడ బేకరీలో రాసింది. మేం దొంగతనం చేయలేదు. మీరే రాసిచ్చారు."

"కేకు కోసం రాసిచ్చాం," అన్నాడు దమర్, ఒక్కో మాటా కొరుకుతూ. "నీ కోసం కాదు."

టూల్ బాక్సు మూత మీద బొటనవేలు నొక్కాడు. అందులో శాఖ అమర్చిన టోనర్ డబ్బా, ప్రింటర్ సిరా పొడిది, పేలింది. నల్లటి పొడి ఆమె ముఖం మీదికి ఎగజిమ్మింది. గురి తప్పిన గుండు కిటికీని పగలగొట్టింది. దమర్ పిస్తోలు లాక్కుని, ఆమెను కుర్చీకి కట్టి, కంప్యూటర్ ముందుకు పరుగెత్తాడు.

మూడు యాభై ఎనిమిది. సమయం కాగానే లిస్టు దానంతటదే వెళ్లిపోతుంది. ఆపాలంటే ఎనిమిది అంకెల పాస్‌వర్డ్.

"రెండు తప్పులైతే వెంటనే వెళ్లిపోతుంది," అంది వేన్యా దగ్గుతూ. "ప్రయత్నించండి."

ఎనిమిది అంకెలంటే పుట్టినతేదీ కావచ్చు. శాఖకి చెప్పినదే ఇక్కడా వాడిందేమోనని ముందు ఫైల్లోని తేదీ కొట్టాడు. తప్పని చూపింది తెర. యాభై సెకన్లు మిగిలాయి. కింద సొరుగులో చూసిన కార్డు గుర్తుకు తెచ్చుకున్నాడు. పద్నాలుగు, సున్నా తొమ్మిది, పంతొమ్మిది వందల ఎనభై ఏడు. ఆరు సెకన్లుండగా తెర మీద 'పంపడం ఆగింది' అన్న అక్షరాలు వచ్చాయి. తర్వాతి నిమిషంలో శాఖ ఇచ్చిన చిన్న పరికరం గుచ్చి, మొత్తం డేటా చెరిపేశాడు.

"నా పుట్టినతేదీ నీకెవరు చెప్పారు?" ఆమె గొంతులో నిజమైన కోపం. "అది నా సొంత విషయం."

"వలుయో భార్యతో చెప్పు ఆ మాట," అన్నాడు దమర్.

పోలీసులు ఆమెను తీసుకెళ్లాక కిందికి దిగి, కాపలాదారు చేత మూడేళ్ల ఫోటోలూ దగ్గరుండి తీసేయించాడు.

"ఉద్యోగం పోతుంది తమ్ముడూ."

"పోతే మా ఆఫీసుకి ఫోన్ చెయ్. చేయించినవాణ్ణి నేనే అని చెబుతా."

బయట ఎండ ఇంకా తగ్గలేదు. ఆకలేసి, వీధి చివర బండి దగ్గర వేయించిన టోఫూ, అంటే సోయా జున్ను, కొన్నాడు. సగం తిన్నాక పొట్లం కాగితం చూశాడు. ఎవరిదో గుర్తింపు కార్డు జిరాక్సు. నూనె మరకల కింద హార్తినీ ముఖం, చిరునామా, పుట్టిన సంవత్సరం. శాఖలో అందరూ ఆమెకి యాభై రెండనుకుంటారు. కాగితం లెక్కన యాభై ఏడు.

దమర్ ఆ కాగితాన్ని బండివాడి పొయ్యిలోనే కాల్చేశాడు. మర్నాడు ఆపరేషన్ రిపోర్టులో జరిగినదంతా పొల్లు పోకుండా రాశాడు, ఆ అయిదేళ్లు తప్ప.