నూనె రాయని జడ

పొడి గది తలుపు దగ్గర వెంకట్రాజం ఆ అమ్మాయిని ఆపేశాడు.

ఆమెకు అది ఉద్యోగంలో మొదటి రోజు. పేరు అనసూయ. పాలిటెక్నిక్ చదువు ముగించి టెస్టింగ్ పనికి వచ్చింది. కొత్త పనికి పోతున్న బిడ్డ తల చల్లగా ఉండాలని వాళ్లమ్మ పొద్దున్నే కూర్చోబెట్టి కొబ్బరినూనె దిట్టంగా పట్టించి, జడ అల్లి, మల్లెపూలు పెట్టి పంపింది.

"గీ తలతోటి లోపలికి రావద్దు," అన్నాడు వెంకట్రాజం.

"నాకు ఇంకో తల లేదు," అంది అనసూయ.

వెంకట్రాజం చేతులకు పని వచ్చినంతగా నోటికి మాట రాదు. మడికొండ రోడ్డు మీద కిషన్ రావు నడిపే ఆ చిన్న కార్ఖానాలో విమానాలకు కప్లింగులు చేస్తారు. బాగా ఎత్తుకు పోయినప్పుడు పైలట్‌కు ఊపిరి అందించే ఆక్సిజన్ పైపులను కలిపే ఇత్తడి ముక్కలవి. రెండు ముక్కలు కలిపి తిప్పితే దారి తెరుచుకుంటుంది. విడదీస్తే ఏ ముక్కకా ముక్క తనంతట తానే మూసుకుంటుంది. పరీక్షలో నెగ్గినవాటిని గాలి చొరని డబ్బాల్లో పెట్టి సీలు వేసి హైదరాబాద్ పంపుతారు. ఆ ముక్కల్లో ఎక్కడైనా నూనె మరక ఉందంటే, ఒత్తిడి మీద వచ్చే ఆక్సిజన్ తగలగానే భగ్గుమని అంటుకుంటుంది. అందుకే వాటిని బిగించే ఆ పొడి గదిలోకి నూనె అన్నది రాకూడదు. ఇదంతా నెమ్మదిగా చెబితే సరిపోయేది. వెంకట్రాజం చెప్పింది ఇంతే.

"నూనె ఉంటే మనుషులు చస్తరు."

"నా జడ తోటా?"

"ఈడ కాదు. పైన."

అనసూయ కప్పు వైపు చూసింది. రేకులు కనిపించాయి. కాసేపటికి, చదువుకున్నదేదో గుర్తొచ్చినట్టు ఆమె ముఖం మారింది. ఆక్సిజనా అని అడిగింది. అవునన్నాడు. అయితే సరే అని జడలో పూలు తీసి తలుపు పక్క మేకుకు తగిలించింది. వెంకట్రాజం ఊపిరి పీల్చుకున్నాడు.

"పొద్దుగాల ఏం తిన్నరు మీరు?" అని ఈసారి ఆమె అడిగింది.

"పూరీలు."

"ఏదీ, చేతులు చూపెట్టుండ్రి."

అతడు నల్లా దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. తలంటుకుని రేపు వస్తానని కిషన్ రావుకు చెప్పి వెళ్లిపోయింది. మేకుకు మల్లెపూలు మాత్రం ఉన్నాయి. అతడు వాటిని ముట్టుకోవచ్చో కూడదో తేల్చుకోలేక సాయంత్రం దాకా అటువైపు పోలేదు.

మర్నాటి నుంచి ఆమె కుంకుడుకాయలతో రుద్దిన తలతో, గాలికి చెదిరే పొడిజుట్టుతో వచ్చింది. వెంకట్రాజం తల కూడా ఎప్పుడూ పొడిగానే ఉండేది. మగపిల్లవాడు కాబట్టి జనం దాన్ని ఫ్యాషన్ అనుకునేవారు.

కప్లింగు పరీక్షకు ఇద్దరు కావాలి. కప్లింగులో పొడి వాయువు నింపి అద్దాల తొట్టిలో ముంచుతారు. తొట్టికి అటొకరు ఇటొకరు కూర్చుని నీళ్లలోకి చూస్తారు. ఎక్కడా బుడగ లేవకపోతే ఇద్దరూ పాస్ అనాలి. ఒకరు అని ఇంకొకరు అనకపోతే మళ్లీ ముంచాలి. చూస్తున్నంతసేపూ మాటలు ఉండకూడదన్నది కిషన్ రావు పెట్టిన నియమం.

మాటలు వద్దన్నాడు గాని చూపుల గురించి ఆయన ఏమీ చెప్పలేదు. నీళ్లకు అవతల ఆమె ముఖం కదిలీ కదలనట్టు ఉండేది. కప్లింగు మీద ఉండవలసిన కళ్లు కాస్త పైకి పోయేవి.

"పాస్," అంది ఒకరోజు అనసూయ.

అతడు పాస్ అనలేదు.

"ఏమైంది, బుడగ వచ్చిందా?"

"నేను చూడలే."

"మరి గింతసేపు ఎటు చూసిండ్రు?"

వెంకట్రాజం కప్లింగును మళ్లీ ముంచాడు. ఈసారి పాస్ అనడం ఆమె మరిచిపోయింది.

వానలు మొదలయ్యాయి. రేకుల కప్పు మీద వాన పడుతుంటే లోపల ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం అనసూయ తొట్టి మీదుగా వంగి, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారని అడిగింది. అమ్మానాయినలు చిన్నప్పుడే పోయారనీ, మేనత్త చిలుకమ్మ పెంచిందనీ, ఆమె ఊళ్లో మగ్గం నేస్తుందనీ చెప్పాడు. తన నాయిన కూడా మగ్గం పనోడే, అది ఇడిచి రైల్వేలకు పోయిండని అనసూయ అంది. తరువాత చేతులు తుడుచుకుంటూ, వాన ఆగిందో లేదో చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగి అంది.

"మీ అత్తను ఒకపారి మా ఇంటికి పంపుండ్రి. మా అమ్మ తోటి మాట్లాడుతది."

ఏం మాట్లాడుతుందని అడగబోయి అతడు ఆగిపోయాడు. అడగకపోవడం మంచిదయింది. అర్థం కావడానికి అతనికి కాజీపేటలో తాను అద్దెకుండే గది చేరేదాకా పట్టింది. చేరాక, ఆ అర్థం సరైనదేనా అని మళ్లీ అనుమానం వచ్చింది.

పెళ్లిమాట ఎత్తకముందే ఇంటి ఆడది ఒక్కతే ఏదో మిషతో వెళ్లి పిల్లను, ఇంటిని చూసి రావడం వాళ్లలో పద్ధతి. కబురందుకుని ఊరి నుంచి వచ్చిన చిలుకమ్మ ఆ ఆదివారమే కాజీపేటలోని అనసూయ ఇంటికి పోయింది. పట్టుమని పది నిమిషాలైనా కూర్చోకుండా అతని గదికి తిరిగి వచ్చింది. వెంకట్రాజం ముఖం చూడకుండా చాప పరుచుకుంది.

"ఆ ఇంట్ల మైల ఉన్నది బిడ్డా. ఏడాది ఎల్లేదాక పెండ్లి మాట ఎత్తొద్దు."

ఎవరు పోయారని అడిగాడు. అడగలేదంది. అటువంటి ఇంట్లో అడగకూడదు, వాళ్లే చెప్పుకుంటే వినాలి, నువ్వు కూడా ఆ పిల్లను అడిగి ఏడిపించొద్దు అంది. చిలుకమ్మ భర్త పోయి అప్పటికి ఏడాది దాటి ఎంతో కాలం కాలేదు. ఆ మాటలు తన గురించే చెప్పుకుంటున్నానని తెలియనట్టు చెప్పింది. వెంకట్రాజం ఇంకేమీ అడగలేదు.

సోమవారం అనసూయ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని వైపు చూడకుండా తొట్టి ముందు కూర్చుంది. చావు ఇంటి నుంచి వచ్చిన మనిషి అట్లా కాక ఎట్లా ఉంటుందని అతడు అనుకున్నాడు. నియమం పక్కన పెట్టి మెల్లగా అన్నాడు.

"మనసుల పెట్టుకోకుండ్రి. కొన్ని దినాలు పోతే అదే తగ్గుతది."

అనసూయ తలెత్తింది. "మీకు తెలుసా?"

"అత్త చెప్పింది."

"ఏమన్నది?"

"గా ముచ్చట వద్దు. ఇప్పుడు అనుకొని ఏం లాభం. అందరి ఇండ్లల్ల అయ్యేదే."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు దుఃఖమో కోపమో అతనికి తేలలేదు. దుఃఖంలో కోపం కూడా కలిసి ఉంటుందని చిలుకమ్మను చూసి ఎరుగును కనుక, దుఃఖమే అనుకున్నాడు.

ఆ తరువాత అతడు ఆమెకు చేతనైనంత తోడు ఉండాలని చూశాడు. ఆమె ఎత్తవలసిన డబ్బాలు తానే ఎత్తాడు. ఆమె డబ్బా లాక్కున్నది. సాయంత్రం వానలో గొడుగు ఇవ్వబోతే, తీసుకోకుండా తడుస్తూ బస్సు దాకా నడిచింది. గొడుగు పట్టుకుని అతడు వెనక, తడుస్తూ ఆమె ముందు. చూసినవాళ్లు నవ్వుకున్నారు. వెంకట్రాజానికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఏడాది ఆగుతానని ఈమెకు ఎట్లా చెప్పాలి, చెప్పకుండా ఎట్లా ఆగాలి అన్నదొక్కటే అతని బాధ.

శనివారం మధ్యాహ్నం కిషన్ రావు పొడి గది తలుపు దగ్గర నిలబడి, సోమవారం తొట్టి దగ్గర ఇంకొకరిని చూసుకోమన్నాడు. అనసూయ సెలవు అడిగిందట. రేపు ఆమెను చూడడానికి పెళ్లివారు వస్తున్నారట. పిల్లవాడు కాజీపేటలోనే రైల్వే గుమాస్తా. కుదిరితే సోమవారం అనసూయ వాళ్లు పోయి ముహూర్తం మాట్లాడుకుంటారట.

వెంకట్రాజం చేతిలోని కప్లింగు నీళ్లలోకి జారిపోయింది.

ఆమె పోతుందన్న బాధ ఒకటి. దానికంటే ముందు అతనికి తల తిరిగిపోయింది మరొక దానికి. మైలలో ఉన్న ఇంట్లో పెళ్లిచూపులేమిటి? కన్నీళ్లు ఆరని ఇంటికి ఆ గుమాస్తా వాళ్లు ఏ ముఖంతో వస్తారు? ఆమెకు ఇష్టం లేకుండానే చేస్తున్నారేమో అనుకున్నాడు. అత్త అడగొద్దన్న మాట అడగక తప్పలేదు.

"ఏమనుకోకుండ్రి," అన్నాడు, అనసూయ వచ్చి తొట్టికి అవతల కూర్చోగానే. "మీ ఇంట్ల పోయింది ఎవరు?"

"పోవుడేంది?"

"చచ్చిపోయింది ఎవరు అంటున్న."

"మా ఇంట్ల ఎవరు చచ్చిపోయిండ్రు?"

"గదే నేను అడుగుతాన."

అనసూయ లేచి నిలబడింది. వారం రోజులుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. మీ అత్త వచ్చింది, మా అమ్మ చెంబుతో నీళ్లిస్తే ముట్టలేదు. ఆకూ వక్కా ఇయ్యబోతే ముఖం పక్కకు తిప్పింది. పోయొస్త అని కూడా అనకుండా లేచిపోయింది. అంత నచ్చకపోతే పోనీ, మర్నాడు నువ్వొచ్చి మనసుల పెట్టుకోకు, అందరి ఇండ్లల్ల అయ్యేదే అని ఓదార్చినవు. వద్దనుకున్నోడివి ఓదార్చుడెందుకు అని అడిగింది. కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు.

వెంకట్రాజానికి అప్పుడు తట్టింది. చావు జరిగిన ఇంట్లో నీళ్లు ముట్టరు, ఆకూ వక్కా తీసుకోరు, పోయొస్త అనరు. అత్త తప్పేమీ చేయలేదు. చావు ఒక్కటే తక్కువైంది.

"మా అత్తకు మీ ఇంట్ల చావు ఎట్ల కనబడ్డది?"

ఇద్దరూ ఆలోచించారు. ఆదివారం కనుక అనసూయ తలంటుకుని జుట్టు విరబోసుకుని గడపలో కూర్చుంది. నూనె లేదు, పువ్వు లేదు. నాయిన గుండయ్య అంతకు రెండు రోజుల ముందే వేములవాడ పోయి మొక్కు తీర్చి గుండు చేయించుకుని వచ్చాడు. మీసం కూడా తీసేశారు. తండ్రికి గుండు, పెళ్లీడు బిడ్డకు నూనె లేని తల. చిలుకమ్మ స్థానంలో ఎవరున్నా అదే అనుకునేవారు.

అనసూయ ముఖంలో నవ్వు మొదలై సగంలో ఆగింది. "రేపు వాళ్లు వస్తాండ్రు," అంది.

వెంకట్రాజం ఆ సాయంత్రమే ఊరికి పోయి, తెల్లవారగానే చిలుకమ్మను వెంటబెట్టుకుని కాజీపేట వచ్చాడు. దారి పొడుగునా ఆమె, నీ తల కూడా అట్లనే ఉంటది, నేను ఫ్యాషన్ అనుకున్న, అది మీ కార్ఖానా నియమమని చెప్పి చావొద్దా అని అతణ్నే తిట్టింది.

గుండయ్య ఇంటి ముందు చాపలు పరిచి ఉన్నాయి. అనసూయ తల్లి విమలమ్మ తలుపు దగ్గరే నిలబడి, రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. చిలుకమ్మ గడప బయటే ఆగింది.

"అక్కా, నిండు ఇంట్ల చావు ఉన్నదనుకొని పోయిన. నాదే తప్పు. మా ఇంట్ల మనిషి పోయినకాడి నుంచి, ఏ ఇంటికి పోయినా నా కండ్లకు గదే కనబడుతాంది."

విమలమ్మకు మొదట చావన్న మాటకు గుండె ఝల్లుమంది. తరువాత సంగతంతా విని, బోడితలతో నిలబడ్డ మొగుడి వైపు చూసింది. నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు తీసేసరికి ఆమె కళ్లలో నీళ్లున్నాయి. చిలుకమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ముచ్చట అక్కడితో తేలలేదు. పెళ్లివారు వచ్చే వేళ దగ్గర పడింది. మాట ఇచ్చి రమ్మన్నవాళ్లను ఎట్లా కాదంటామని గుండయ్య తల నిమురుకుంటూ కూర్చున్నాడు. వెంకట్రాజం గోడకు ఆనుకుని, తాను ఉండాలో పోవాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు అనసూయ గదిలోంచి వచ్చింది.

"నాయినా, వాళ్లు బయలెల్లకముందే రావద్దని చెప్పు."

గుండయ్య బిడ్డ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చొక్కా తొడుక్కుని సైకిలు బయటికి తీశాడు.

"ఆయన ఎటు పోతాండు?" అని వెంకట్రాజం అడిగాడు.

"నీకు అర్థం కాలేదా?"

"సగం అయింది."

"నేను నిన్నే చేసుకుంట అంటాన," అంది అనసూయ. "మిగిలిన సగం దారిల అర్థం చేసుకో. నాయిన తోటి నువ్వు గూడ పో."

"నేనెందుకు?"

"ఎవరి కోసం వద్దంటున్నరని వాళ్లు అడుగుతరు. చూపెట్టడానికి మనిషి ఉండాలె గద," అన్నాడు గుండయ్య వాకిట్లోంచి. సైకిలు హ్యాండిల్ వెంకట్రాజం చేతిలో పెట్టి తాను వెనక క్యారేజీ మీద ఎక్కి కూర్చున్నాడు.

సన్నగా తుంపర పడుతోంది. వెంకట్రాజం తొక్కాడు. ఇంకొక పెళ్లికొడుకు ఇంటికి పోయి ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో, దండం పెట్టాలో క్షమించమనాలో, అసలు తాను సంతోషపడవచ్చో ఇంకా ఆగాలో అతనికి ఏదీ తేలలేదు. రైల్వే క్వార్టర్ల దగ్గర దారి రెండుగా చీలింది.

"జర ఎడమ దిక్కు తిప్పు, అల్లుడా," అన్నాడు గుండయ్య.

అల్లుడా అన్నది తప్ప ఇంకేమీ వినపడని వెంకట్రాజం కుడివైపుకు తిప్పాడు.